ఆరు బకెట్ల టమోటా తోట

మొదటి సంవత్సరం రెండు సెమిస్టర్ల మధ్య సెలవులొచ్చినప్పుడు మా మేడ మీద ఆరు టమోటా మొక్కలు పెట్టాను. అది మార్చి నెల. యూట్యూబ్‌లో బోలెడు వీడియోలు చూసి, నోట్స్ కూడా రాసుకుని మరీ పెట్టాను. రెండు నెలల తర్వాత దిగుబడి మొత్తం మూడు కాయలు. మూడింటికీ అడుగున నల్లగా, తోలులా ఎండిపోయిన మచ్చ. ఆ ఫోటో హాస్టల్ గ్రూపులో పెడితే, "కాయలకు కూడా బ్యాక్‌లాగ్స్ ఉన్నాయే" అని ఒక సీనియర్ రిప్లై ఇచ్చింది.

అందరితో పాటు నేనూ నవ్వాను. కానీ లోపల ఎక్కడో గుచ్చుకుంది. ఎందుకంటే మా తాత మదనపల్లె దగ్గర ఒక పల్లెలో ముప్పై ఏళ్లు టమోటా పండించిన మనిషి. ఒక ఏడాది మార్కెట్లో ధర ఎంత పడిపోయిందంటే, కోత కూలీ, ఆటో బాడుగ కలిపితే చేతి నుంచి ఎదురు పెట్టుకోవాల్సి వచ్చింది. కాయల్ని చెట్ల మీదే వదిలేసి పొలంలోకి గొర్రెల్ని తోలించాడు. ఆ తర్వాత భూమి కౌలుకిచ్చేశాడు. మోకాళ్లు పాడయ్యాక అనంతపురంలో మా ఇంటికొచ్చి ఉంటున్నాడు. వచ్చినప్పటి నుంచి వరండాలో కుర్చీ, పేపర్, టీవీ. పంటల గురించి ఒక్క మాట మాట్లాడడు. నేను మేడ మీద టమోటా పెట్టానని తెలిసినా పైకి రాలేదు. "మెట్లెక్కలేనులే అమ్మీ" అన్నాడు.

మొక్కలు చచ్చిపోయాక ఒక బకెట్‌ను కిందికి మోసుకొచ్చి తాత ముందు పెట్టాను. తాత ఆకులు చూడలేదు, కాయా చూడలేదు. రెండు వేళ్లు మట్టిలోకి దించి, బయటికి తీసి వాసన చూశాడు.

"ఏంది అమ్మీ ఇది? చెట్టుకు ఊపిరాడేది యాడ?"

ఈ వ్యాసంలో నేను చెప్పబోయేదంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. ఇంట్లో పెంచే టమోటా మొక్క ఆకలితో చచ్చేది తక్కువ, మన అతి ప్రేమతో చచ్చేది ఎక్కువ. అతిగా నీళ్లు, అతిగా ఎరువు, ఏ చిన్న మచ్చ కనబడినా వెంటనే ఒక స్ప్రే. రెండో ఏడాది ఈ అతి తగ్గించాం. ఏమేం మార్చామో, ఎందుకు మార్చామో వరసగా చెప్తాను.

ముందుగా, ఇది ఎక్కడి మొక్క?

మా హాస్టల్లో దీని పేరు మీద రోజూ గొడవే. కోస్తా వాళ్లు టమాటా అంటారు, మేం టమోటా అంటాం, తెలంగాణ అమ్మాయిలు వాళ్ల అమ్మమ్మలు రాములక్కాయ అంటారని చెప్తారు. పాత తెలుగులో రామములగ అనే పేరుంది. నేలములక అని పొలాల గట్ల మీద పెరిగే ముళ్ల మొక్క ఒకటుంది కదా, అది వంకాయ, టమోటాల కుటుంబంలోదే. అంటే మనవాళ్లు ఈ కొత్త కాయను చూడగానే దాని చుట్టాలెవరో పేరులోనే పట్టేశారన్నమాట.

టమోటా అడవి జాతులు దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల పడమటి వైపువి. దాన్ని పంటగా బాగా పెంచింది మెక్సికో వాళ్లు. వాళ్ల నహువాటిల్ భాషలోని 'తొమాటిల్' నుంచే ఈ పేరు వచ్చింది. పోర్చుగీసు వాళ్ల ద్వారా మన దేశానికి చేరింది. ఇదంతా జనరల్ నాలెడ్జ్ కోసం చెప్పట్లేదు. కొండల పక్క నుంచి వచ్చిన మొక్క కాబట్టి దానికి పగలు మంచి ఎండ కావాలి, రాత్రి చల్లదనం కావాలి, వేళ్ల దగ్గర నీళ్లు నిలవకూడదు. ఈ మూడూ గుర్తుంటే సగం పాఠం అయిపోయినట్టే.

నా మొదటి తప్పు: కాలం

మార్చిలో నాటిన మొక్క ఏప్రిల్‌లో పూతకొచ్చింది. అప్పుడు అనంతపురంలో పగలు 40 డిగ్రీలు. పూలు పూసినవి పూసినట్టే రాలిపోయాయి. పోషకాలు తక్కువయ్యాయనుకుని నేను ఇంకాస్త ఎరువేశాను. అసలు సంగతి వేరే. పగటి వేడి 35 డిగ్రీలు దాటినప్పుడు, రాత్రి కూడా చల్లబడనప్పుడు టమోటా పుప్పొడి సరిగా పనిచేయదు. పువ్వులో ఫలదీకరణ జరగదు, కాడ దగ్గర పండి రాలిపోతుంది. రాత్రి ఉష్ణోగ్రత 15 నుంచి 20 డిగ్రీల మధ్య ఉంటే కాయ బాగా నిలుస్తుంది. మన దగ్గర అలాంటి రాత్రులు ఎప్పుడొస్తాయి? నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా.

అందుకే రెండోసారి పండుగల లెక్క పెట్టుకున్నాం. వినాయక చవితికి విత్తనం, దసరా సెలవుల్లో నాటు, సంక్రాంతికి కాయలు. హాస్టల్లో ఉండేవాళ్లకు ఇంతకంటే మంచి టైమ్‌టేబుల్ లేదు. ముఖ్యమైన పనులన్నీ మనం ఇంటికెళ్లే రోజుల్లోనే పడతాయి. జూన్, జులైలో కూడా పెట్టొచ్చు కానీ వానల్లో ఆకు తెగుళ్లు ఎక్కువ. మొదటిసారి పెంచేవాళ్లకు చలికాలమే మంచిది.

రకం ఎంచుకోవడం

మొదటిసారి ఒక నర్సరీలో ఏ రకమో అడక్కుండా నారు కొన్నాను. ఇంటికి తెచ్చిన వారానికే రెండు మొక్కల చిగుళ్లు ముడుచుకున్నాయి. అంటే జబ్బును డబ్బిచ్చి తెచ్చుకున్నాను. రెండోసారి విత్తనాలే కొన్నాం. మూడు బకెట్లలో అర్క రక్షక్, మూడింట్లో పూసా రూబీ.

అర్క రక్షక్ బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన హైబ్రిడ్. ఆకుముడత వైరస్, బ్యాక్టీరియా ఎండు తెగులు, ఆకుమాడు తెగులు, ఈ మూడింటినీ తట్టుకునేలా తయారుచేశారు. కాయ గట్టిగా, 90 నుంచి 100 గ్రాముల దాకా ఉంటుంది. పూసా రూబీ ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ నుంచి వచ్చిన పాత సూటి రకం. కాయ కొంచెం చప్పిడిగా, గాళ్లు పడి ఉంటుంది. పులుపు బాగుంటుంది, చారుకు సూపర్. తేడా ఏంటంటే, హైబ్రిడ్ కాయలోంచి తీసిన విత్తనం వేస్తే మళ్లీ అదే మొక్క వస్తుందని నమ్మకం లేదు. సూటి రకం విత్తనం మాత్రం దాచుకుని ఏటా వేసుకోవచ్చు. ఈ తేడా వ్యాసం చివర్లో మళ్లీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

బకెట్, మట్టి

ఒక్కో మొక్కకు కనీసం 15 నుంచి 20 లీటర్ల కుండీ కావాలి. పాత పెయింట్ బకెట్లు సరిపోతాయి, శుభ్రంగా కడగాలి అంతే. అడుగున ఐదారు బెజ్జాలు పెట్టి, బకెట్‌ను రెండు ఇటుకల మీద ఉంచండి. నా మొదటి బకెట్లకు బెజ్జాలున్నాయి కానీ నేల మీద నేరుగా పెట్టడం వల్ల అవి మూసుకుపోయాయి. తాత వాసన చూసింది అందుకే. గాలి లేని తడి మట్టి కుళ్లిన వాసన వస్తుంది. వేరుకు నీళ్లెంత అవసరమో గాలి కూడా అంతే అవసరం. మట్టి రేణువుల మధ్య ఖాళీలన్నీ నీటితో నిండిపోతే వేరు ఊపిరాడక కుళ్లిపోతుంది. అప్పుడు చుట్టూ నీళ్లున్నా మొక్క తాగలేక వాడిపోతుంది. వాడిందని మనం ఇంకో మగ్గు పోస్తాం. కంట్రోల్ సిస్టమ్స్ చదివే వాళ్లకు చెప్పక్కర్లేదు, ఇది పక్కా పాజిటివ్ ఫీడ్‌బ్యాక్.

మట్టి మిశ్రమం మేం వాడింది ఇది: ఎర్రమట్టి రెండు పాళ్లు, బాగా మాగిన పశువుల ఎరువు గానీ వర్మీ కంపోస్ట్ గానీ ఒక పాలు, కోకోపీట్ ఒక పాలు, బకెట్‌కు ఒక గుప్పెడు వేపపిండి. పచ్చి పేడ మాత్రం వద్దు. అది మాగేటప్పుడు పుట్టే వేడికి వేళ్లు మాడతాయి. కిందటి పంటలో వంకాయ, మిరప, ఆలు, టమోటా పెంచిన మట్టిని కూడా మళ్లీ టమోటాకు వాడొద్దు. చుట్టాలందరికీ జబ్బులు ఉమ్మడే.

సివిల్ వాళ్ల కోసం ఒక మాట. తడి మట్టితో నిండిన 20 లీటర్ల బకెట్ పాతిక కిలోలకు అటూ ఇటూగా తూగుతుంది. అన్నీ స్లాబ్ మధ్యలో ఒకేచోట పెట్టకుండా పిట్టగోడ వెంబడి, కింద గోడలు, బీములు ఉన్నచోట వరసగా పెట్టండి. రోజుకు కనీసం ఆరు గంటలు నేరుగా ఎండ పడే చోటై ఉండాలి.

నారు, నాటు

విత్తనం అర అంగుళం కంటే లోతుగా వేయకూడదు. వారంలోపు మొలుస్తుంది. ఈ దశలో నీళ్లెక్కువైతే మొలకలు మొదట్లో సన్నబడి పక్కకు ఒరిగిపోతాయి. దాన్నే నారుకుళ్లు తెగులు అంటారు. నీళ్లు చిలకరించాలి, పోయకూడదు. మొలిచిన రోజు నుంచే ఎండ తగలాలి. నీడలో పెంచితే నారు వెలుతురు కోసం సాగి, దారంలా తయారవుతుంది.

పాతిక నుంచి ముప్పై రోజులకు నాలుగైదు నిజమైన ఆకులొస్తాయి. అప్పుడు సాయంత్రం పూట నాటాలి. ఇక్కడ టమోటాకున్న ఒక మంచి గుణం వాడుకోవాలి. దీని కాండం మట్టి తగిలిన చోటల్లా వేళ్లు వేస్తుంది. అందుకని కింది ఆకులు గిల్లేసి, కాండం సగానికి పైగా మట్టిలోకి వెళ్లేలా లోతుగా నాటండి. చాలా మొక్కలకు ఇలా చేస్తే కాండం కుళ్లుతుంది, టమోటాకు మాత్రం వేరు బలం పెరుగుతుంది. నాటిన రోజే ఐదడుగుల కర్ర పాతేయాలి. తర్వాత పాతితే అప్పటికే పరుచుకున్న వేళ్లు తెగుతాయి.

నాటు రోజు తాతకు అందేలా రెండు బకెట్లు కింద వరండా మెట్ల పక్కన పెట్టాను. "నీ కాలేజీ తెరిస్తే ఇవి ఎవురు చూస్తారు?" అన్నాడు. "నువ్వే" అన్నాను. ఏమీ అనలేదు, కానీ కుర్చీ కొంచెం అటు తిప్పుకున్నాడు.

నీళ్లు: అసలు పరీక్ష ఇదే

మొదటి ఏడాది నేను వారానికోసారి ఇంటికొచ్చేదాన్ని. మిగతా రోజులు అమ్మ పోసేది. ఒకరోజు మగ్గు, ఒకరోజు మరచిపోవడం, మూడో రోజు రెండ్రోజుల బాకీ కలిపి అరబకెట్. ఆ నల్ల మచ్చలకు కారణం ఇదే.

ఆ మచ్చను చాలామంది పురుగో, తెగులో అనుకుని మందు కొడతారు. అది జబ్బు కాదు. కాయ అడుగు భాగానికి కాల్షియం అందకపోవడం. కాల్షియం మట్టిలో లేక కాదు, చాలాసార్లు మట్టిలో కావలసినంత ఉంటుంది. సమస్య రవాణాలో ఉంది. కాల్షియం మొక్క లోపల నీటి ప్రవాహంతో పాటే కదులుతుంది. ఆకులు ఎండకు నీటిని ఎక్కువగా ఆవిరి చేస్తాయి కాబట్టి ప్రవాహమంతా అటు వెళ్తుంది. కాయ నుంచి ఆవిరయ్యేది చాలా తక్కువ. అందుకే నీళ్లు ఒకరోజు ఉండి ఒకరోజు లేకపోతే మొదట నష్టపోయేది కాయ, అందులోనూ కాడకు దూరంగా ఉన్న కొస. లైన్ చివరింట్లో కుళాయి ముందు ఆగిపోయినట్టు.

కాబట్టి గుడ్డు పెంకులు వేసినంత మాత్రాన ఆ మచ్చ పోదు. అవి మట్టిలో కరగడానికి నెలలు పడుతుంది. ఎప్సమ్ సాల్ట్ వేయమని కొందరు చెప్తారు. అందులో ఉన్నది మెగ్నీషియం, కాల్షియం కాదు. ఎక్కువైతే వేరు దగ్గర కాల్షియానికే పోటీ వస్తుంది. అతిగా యూరియా వేసినా ఇదే సమస్య ముదురుతుంది. మందు ఒక్కటే: తేమ ఎప్పుడూ ఒకేలా ఉండటం. అప్పటికే మచ్చ పడిన కాయను కోసి పారేయండి, తర్వాతి గెలలు బాగుంటాయి.

తాత చెప్పిన పద్ధతి ఇది. పొద్దున్నే వేలు రెండు కణుపుల దాకా మట్టిలో పెట్టు. తడి తగిలితే ఆ పూట పోయొద్దు. పొడిగా ఉంటే అడుగు బెజ్జాల్లోంచి చుక్కలు రాలేదాకా నిదానంగా పోయి. "నీళ్లు పోసేది అందరికీ వస్తాది. ఎప్పుడు పోయకూడదో తెలిసేదే సేద్యం" అన్నాడు. మా బకెట్లలో పూతకొచ్చిన మొక్క చలికాలంలో రోజుకు లీటరు, లీటరున్నర తాగింది. మీ ఎండను బట్టి, మీ మట్టిని బట్టి ఇది మారుతుంది కాబట్టి లెక్కను కాదు, వేలును నమ్మండి. నీళ్లు మొదట్లోనే పోయాలి, ఆకుల మీద కాదు. మట్టి మీద రెండంగుళాల మందాన ఎండుటాకులో, వరిగడ్డో పరిస్తే తేమ ఆరిపోకుండా నిలుస్తుంది.

పండబోయే కాయలు పగిలిపోవడానికి కూడా ఇదే కారణం. చాలా ఎండబెట్టి ఒక్కసారిగా నీళ్లు పోస్తే లోపలి గుజ్జు ఉబ్బుతుంది, తొక్క అంత వేగంగా సాగలేదు.

ఎరువు: ఆకు కావాలా, కాయ కావాలా?

మొదటి ఏడాది నా మొక్కలు ఒక దశలో బ్రహ్మాండంగా ఉండేవి. ముదురు పచ్చ ఆకులు, వేలెడు లావు కాండం. పూలు మాత్రం లేవు. వారం వారం యూరియా వేసిన ఫలితం అది. నత్రజని ఎక్కువైతే మొక్క ఆకుల మీదే ధ్యాస పెడుతుంది. పైగా ఆ లేత ఆకులంటే రసం పీల్చే పురుగులకు పండగ.

రెండోసారి నాటేటప్పుడు మట్టిలో కలిపిన ఎరువు కాకుండా, పూత మొదలయ్యాక పదిహేను రోజులకోసారి బకెట్‌కు రెండు గుప్పెళ్ల వర్మీ కంపోస్ట్ వేసి పైమట్టిని తేలిగ్గా గుల్ల చేశాం. పొటాష్ కోసం కట్టెల బూడిద ఒక చెంచా, అదీ నెలకోసారే. బూడిద ఎక్కువైతే మట్టి క్షార గుణానికి మారిపోతుంది. అంతకుమించి ఏమీ వేయలేదు.

పిలకలు, పూలు

ఆకు కాడకూ కాండానికీ మధ్య మూలలో చిన్న కొమ్మ పుడుతుంది. దాన్ని పిలక అందాం. పూసా రూబీలా పొడుగ్గా ఎదిగే రకాల్లో కింది పిలకలు చిన్నగా ఉన్నప్పుడే గిల్లేస్తే గాలి ఆడుతుంది, తెగుళ్లు తగ్గుతాయి. గుబురుగా, పొట్టిగా ఎదిగి ఆగిపోయే రకాల్లో మాత్రం పిలకలు తీయొద్దు. వాటికి కాపు ఆ కొమ్మల మీదే. గిల్లిన పిలక జానెడు ఉంటే గ్లాసు నీళ్లలో పెట్టండి. వారం, పది రోజుల్లో వేళ్లొస్తాయి. ఫ్రీగా ఇంకో మొక్క.

పువ్వు సంగతి. టమోటా పువ్వు తనకు తానే ఫలదీకరణ చేసుకోగలదు. కానీ పుప్పొడి ఒక సన్నని గొట్టం లోపల ఉంటుంది, కదిలిస్తేనే రాలుతుంది. పొలంలో గాలి, తుమ్మెదలు ఆ పని చేస్తాయి. తుమ్మెద పువ్వును పట్టుకుని రెక్కల కండరాలను ఝుమ్మని అదిరిస్తుంది, ఉప్పు డబ్బా విదిల్చినట్టు పుప్పొడి రాలుతుంది. మేడ మీద తుమ్మెదలు తక్కువైతే పొద్దున తొమ్మిది, పది గంటలకు పూగుత్తి వెనక కాడను వేలితో రెండుసార్లు మీటండి. మా తమ్ముడు ఎలక్ట్రిక్ టూత్‌బ్రష్‌తో చేశాడు. అది ఇంకా బాగా పనిచేసింది. తాత అది చూసి చాలాసేపు నవ్వాడు.

జబ్బు చేస్తే: స్ప్రే కంటే ముందు డీబగ్గింగ్

ప్రోగ్రామ్‌లో ఎర్రర్ వస్తే ఒకేసారి పది లైన్లు మార్చం కదా. మొక్క దగ్గర మాత్రం అన్నీ ఒకేసారి చేసేస్తాం. ముందు గుర్తులు చూడండి.

కింది ఆకులు పడవలా పైకి ముడుచుకుని దళసరిగా ఉన్నాయి, చిగుళ్లు మాత్రం బాగున్నాయి. అయితే అది వైరస్ కాదు. వేడి, నీటి హెచ్చుతగ్గుల వల్ల వచ్చేది. భయం లేదు.

చిగుళ్లే ముడుచుకుని, చిన్నగా, పసుపు అంచులతో గిడసబారాయి. మొక్క ఎదుగుదల ఆగింది. అయితే అది ఆకుముడత వైరస్. దాన్ని మోసుకొచ్చేది తెల్లదోమ. వైరస్ వచ్చిన మొక్కకు వైద్యం లేదు. మనసు రాయి చేసుకుని పీకి, కవర్లో కట్టి పారేయాలి. లేకపోతే పక్క మొక్కలూ పోతాయి. మా పూసా రూబీలో ఒకటి ఇలాగే పోయింది. ముందుజాగ్రత్తగా పసుపు రంగు జిగురు అట్టలు కట్టడం, నారు మీద సన్నని వల కప్పడం మేలు.

ఆకులు పచ్చగా ఉండగానే మొక్క మొత్తం ఒకట్రెండు రోజుల్లో వాడిపోయింది. మట్టిలో తడి ఉంది. కాండాన్ని మొదట్లో కోసి, ఆ ముక్కను గాజు గ్లాసులో నీటికి తగిలేలా వేలాడదీయండి. కాసేపట్లో కోసిన చోటు నుంచి పాలలాంటి తెల్లని తీగ దిగితే బ్యాక్టీరియా ఎండు తెగులు. మొక్కతో పాటు ఆ మట్టిని కూడా పక్కన పెట్టేయాలి. తీగ రాకపోతే వేళ్లు చూడండి. గోధుమ రంగులో మెత్తగా ఉంటే దోషం మన మగ్గుదే.

కింది ఆకుల మీద గోధుమ రంగు మచ్చలు, లోపల వలయాలు వలయాలుగా ఉన్నాయి. అది ఆకుమాడు తెగులు. ఆ ఆకులు తుంచి దూరంగా పారేసి, మట్టి చింది ఆకుల మీద పడకుండా చూడాలి. నేల నుంచి అడుగు ఎత్తు వరకు ఆకులు లేకుండా చేస్తే చాలావరకు ఆగుతుంది.

కాయకు గుండ్రని రంధ్రం ఉంటే కాయతొలుచు పురుగు. ఆరు బకెట్లకు మందు అక్కర్లేదు. పొద్దున్నే వెతికి చేత్తో ఏరేయొచ్చు. రైతులు పొలంలో టమోటా సాళ్ల మధ్య బంతి వేస్తారు. తల్లి పురుగు గుడ్లు బంతిపూల మీద పెట్టడానికి ఇష్టపడుతుంది. కిటుకేంటంటే టమోటా పూతకొచ్చే వేళకు బంతి కూడా పూసి ఉండాలి. అందుకే 25 రోజుల టమోటా నారుతో పాటు 45 రోజుల బంతి నారు నాటుతారు. మేమూ రెండు బంతి కుండీలు పెట్టాం. సంక్రాంతి గొబ్బెమ్మలకు పూలు అక్కడివే.

రసం పీల్చే పురుగులు కనిపిస్తే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నూనె కలవడానికి కొద్దిగా సబ్బు ద్రవం వేసి, సాయంత్రం ఆకుల అడుగు భాగం తడిసేలా కొట్టండి. ఎండలో కొడితే ఆకులు మాడతాయి.

పండటం

కాయ అడుగున లేత గులాబీ రంగు తిరగడం మొదలైతే ఇక కోసేయొచ్చు. అప్పటికి లోపల పండే ప్రక్రియ మొదలైపోయి ఉంటుంది, ఇంట్లో గంపలో పెట్టినా పండుతుంది. మేడ మీదే పూర్తిగా పండనిస్తే ముందు రుచి చూసేది ఉడతలు, చిలకలు. ఎర్ర రంగునిచ్చే లైకోపీన్ 20 నుంచి 25 డిగ్రీల మధ్య బాగా తయారవుతుంది. 30 దాటితే సరిగా తయారవదు. ఎండాకాలం టమోటాలు కొన్ని నారింజ రంగులోనే ఉండిపోయేది అందుకే. పండిన వాటిని ఫ్రిజ్‌లో పెట్టకండి. చలికి వాసన పోతుంది. కాయలో తొంభై శాతానికి పైగా నీళ్లే కదా, ఆ కాస్త వాసన కూడా పోతే ఇక మిగిలేది ఏముంది?

లెక్క

ఐదు మొక్కల నుంచి డిసెంబర్ చివరి నుంచి ఫిబ్రవరి దాకా పన్నెండు కిలోల చిల్లర వచ్చాయి. విత్తనాలు, కోకోపీట్, వర్మీ కంపోస్ట్, వేపనూనె ఖర్చు కలిపితే మార్కెట్లో కొనుక్కోవడమే చౌక. నిజం చెప్పాలి కదా. 2023 జులైలో కిలో 100 దాటి, కొన్నిచోట్ల 200కు చేరినప్పుడు అందరూ మేడ తోటల గురించి మాట్లాడారు. ఆ ధర ఎప్పుడూ ఉండదు. ఆ ధరలోనూ రైతుకు ఎంత మిగులుతుందో, ధర పడిపోయిన ఏడాది ఏమవుతుందో మా ఇంట్లో తెలుసు. ఐదు మొక్కలకు నాకు పట్టిన తిప్పలు చూశాక, తాత ఎకరాల్లో ఎలా చేశాడా అనిపించింది. ఆ గొర్రెల్ని తోలించిన రోజు ఆయనకు ఎలా ఉండి ఉంటుందో కూడా మొదటిసారి కొంచెం అర్థమైంది.

సంక్రాంతికి ఇంటికెళ్లేసరికి తాత వరండాలో లేడు. అమ్మ పైకి చూపించింది. గోడ పట్టుకుని, మెట్టు మెట్టుకూ ఆగుతూ, రోజూ పొద్దున ఒకసారి మేడ మీదికి వెళ్తున్నాడట. నేను వెళ్లేసరికి ఒక పూసా రూబీ చెట్టుకు ఎర్ర దారం కట్టి ఉంది. "దాని కాయలు కొయ్యొద్దు, విత్తనానికి" అన్నాడు.

విత్తనం తీసే పద్ధతి కూడా ఆయనే చూపించాడు. ఆరోగ్యంగా ఉన్న చెట్టు మీద బాగా పండిన కాయను కోసి, గింజల్ని జిగురుతో సహా గ్లాసులో తీయాలి. కొద్దిగా నీళ్లు కలిపి రెండు, మూడు రోజులు అలాగే వదిలేయాలి. పులిసి, మొలకను ఆపే ఆ జిగురు కరిగిపోతుంది. అడుక్కి చేరిన గింజల్ని కడిగి, పళ్లెంలో పరిచి నీడలో ఆరబెట్టాలి. బాగా ఆరాక కాగితం పొట్లంలో కట్టి పొడిగా ఉన్నచోట దాచాలి. మూడు, నాలుగేళ్లు మొలుస్తాయి.

మా పొట్లాలు పేపర్ ముక్కల్లో కట్టి దేవుడి గూట్లో ఉన్నాయి. మొన్న ఫోన్ చేస్తే తాత నా మార్కులు అడగలేదు. "చవితికి లీవు ఎన్ని దినాలు ఇస్తారు అమ్మీ? ఈసారి పది బకెట్లు పెడదాం" అన్నాడు. చవితికి ఊరెళ్లే ముందు నా గదికి రండి. ఎవరికైనా విత్తనాలు కావాలంటే ఒక్కో పొట్లం ఇస్తాను, ఫ్రీ. బకెట్ కింద ఇటుకలు పెట్టడం మాత్రం మరచిపోకండి.